తొమ్మిది అంకెలు

"స్పాన్సర్ చివరి నాలుగంకెలు చెప్పండి మేడమ్" అంది ఫోనులో పళ్ళాసుపత్రి గుమాస్తా.

"నాలుగు నాలుగు ఏడు ఒకటి" అంది మార్లా. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికి ఉంది. ఒక చేత్తో రొట్టెకి వేరుశనగ వెన్న రాస్తోంది, రెండో చేత్తో కుక్క గిన్నెలో గింజలు పోస్తోంది. అంకెలు చెప్పడానికి ఆ రెండు చేతుల్లో ఏదీ ఆగలేదు.

స్పాన్సర్ అంటే రసెల్, ఆమె మొగుడు, సైన్యంలో సార్జెంటు. ఆ నాలుగూ అతని సోషల్ సెక్యూరిటీ నంబరులో, అంటే ప్రభుత్వం ప్రతి మనిషికీ ఇచ్చే తొమ్మిదంకెల నంబరులో, చివరి అంకెలు. సైనికుడి పెళ్ళానికి ఆసుపత్రిలో మంచం కావాలన్నా, లైబ్రరీలో పుస్తకం కావాలన్నా, ఆఖరికి కుక్కకి సూది వేయించాలన్నా ముందు మొగుడి అంకెలు చెప్పాలి. కూతురు టెస్సా పుట్టేరోజున పురిటినొప్పులతో కుర్చీ పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా, అయ్యో పాపం అనేముందు "స్పాన్సర్ నంబరు?" అనే అడిగారు. పళ్ళు బిగబట్టి తొమ్మిదంకెలూ తప్పు లేకుండా చెప్పింది. పర్సులో ఉండే గుర్తింపుకార్డు మీద ఆమె ఫొటో పక్కన పెద్దక్షరాల్లో 'డిపెండెంట్' అని, అంటే మొగుడి మీద ఆధారపడ్డదని, ఉంటుంది. మొదట్లో ఆ మాట కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టి కార్డు చూపించేది. పదిహేడేళ్ళయింది, ఇప్పుడు చూడటం కూడా లేదు.

"మార్లా! నా పచ్చ సాక్సులేవీ?" మెట్ల మీద నుంచి రసెల్ అరిచాడు.

"రెండో సొరుగులో."

"లేవు."

లేకపోవడమేమిటి, ఉన్నాయి. వెళ్ళి చూపించింది. అతను చూసిన సొరుగులోనే, అతని చెయ్యి పెట్టిన చోటే ఉన్నాయి. "ఓ" అన్నాడు రసెల్. అంతే.

ఆ ఉదయం ఆమెకొక పనుంది. పదిన్నరకి షెరీఫ్ కార్యాలయానికి వెళ్ళి వేలిముద్రలివ్వాలి. కాన్సస్‌లో స్కూల్ కౌన్సెలర్ లైసెన్సుకి ఆమె పెట్టుకున్న దరఖాస్తులో అది ఆఖరి మెట్టు. పెళ్ళికి ముందు మిజోరీలో నాలుగేళ్ళు అదే పని చేసింది. ఎమ్మే చదివింది, లైసెన్సుండేది, తలుపున్న ఒక చిన్న గది ఉండేది. పిల్లలు ఆ గదిలోకొచ్చి, తలుపేసుకుని, ఎవరికీ చెప్పనివి చెప్పుకునేవాళ్ళు. తర్వాత రసెల్ వెంట జార్జియా, వాషింగ్టన్, నార్త్ కరొలైనా, ఇప్పుడు కాన్సస్. రాష్ట్రం మారితే పాత లైసెన్సు చెల్లదు, మళ్ళీ మొదటికి రావాలి. ఒక్కో రాష్ట్రంలో పిల్లలు ఒక్కో రకంగా ఏడుస్తారు కాబోలు! మొదటిచోట ఇంకో కోర్సు చదవమన్నారు. కడుపులో టెస్సాని పెట్టుకుని చదువుతూంటే, అది పూర్తికాకముందే బదిలీ. రెండోచోట పరీక్ష రాసింది, నెగ్గినట్టు ఉత్తరం వచ్చేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. మూడోచోట రసెల్ రెండుసార్లు ఇరాక్ వెళ్ళాడు, పిల్లకి చెవిపోటు, కారుకి బ్యాటరీ, ఇంటికి పైకప్పు, అన్నిటికీ తనే. అయినా కాగితాలన్నీ పోగుచేసింది. పోగుచేసిన వారానికే ఉత్తర్వులొచ్చాయి. ప్రతిసారీ రసెల్ ఒకటే మాట అన్నాడు, భుజం తట్టి మరీ: "నీ పని ఎక్కడైనా దొరికేదే కదా మార్లా. నాది అలా కాదు."

అసలు ఈ పదిహేడేళ్ళూ ఆమె ఆ పని మానేసింది ఎప్పుడు గనక? రసెల్ దళంలో ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ఫోను మార్లాకే వచ్చేది. మొగుడు యుద్ధంలో ఉండగా నిద్రమాత్రలు మింగిన ఇరవయ్యేళ్ళ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది తనే. శవపేటిక వస్తున్న రోజున ఆ భార్య పక్కన విమానాశ్రయంలో కూచున్నది తనే. దళాధిపతి ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చాడు, బంగారు అంచుతో. అందులో పేరు 'మిసెస్ రసెల్ హాస్కెల్' అని ఉంది. రసెల్ దాన్ని గోడకి తగిలించాడు. దరఖాస్తులో 'అనుభవం' అన్నచోట అదేమైనా పనికొస్తుందేమోనని అడిగితే, జీతం లేని పని లెక్కలోకి రాదన్నారు.

షెరీఫ్ కార్యాలయంలో కుర్ర పోలీసు ఆమె వేళ్ళను గాజుపలక మీద ఒక్కొక్కటే అదిమాడు. తెర మీద మరకలే తప్ప గీతలు రాలేదు. మళ్ళీ తుడిచి అదిమాడు.

"అరిగిపోయాయి మేడమ్ మీ వేళ్ళు. ఇటుకలు మోసేవాళ్ళకీ, గిన్నెలు కడిగేవాళ్ళకీ ఇలా అవుతుంది. ఏం పని చేస్తారు మీరు?"

"ఏమీ చేయను, ఇంట్లోనే ఉంటా" అంది మార్లా.

అనేశాక తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది. ఏమీ చేయకుండానే అరిగాయా? ఆ కుర్రాడు జాలిపడి ఏదో నూనె రాసి, వేడిగుడ్డ చుట్టి, అరగంట తంటాలు పడి పది వేళ్ళ ముద్రలూ తీశాడు. ఆ తర్వాత ఫారం ముందుకు తోశాడు. పేరు, పుట్టినరోజు, చిరునామా, నంబరు. స్కూల్లో భోజనాల గంటకి ఇంకా పన్నెండు నిమిషాలే ఉంది. మార్లా గబగబా నింపేసి, సంతకం పెట్టి, కారు దగ్గరకి పరిగెత్తింది.

స్కూలు పేరు మెడోలార్క్. సైనిక స్థావరం కంచెకి ఇవతల, పిల్లల్లో సగం మంది సైనికుల పిల్లలు. అక్కడ మార్లా భోజనశాలలో జీతం లేని సహాయకురాలు. పాల డబ్బాలు తెరవడం, ఒలికినవి తుడవడం, వరస తప్పినవాళ్ళని వరసలో పెట్టడం. పిల్లలు 'మిసెస్ హెచ్' అంటారు. ఎవరూ చెప్పకుండానే ఆమె దగ్గరకొచ్చి నిలబడతారు. పిల్లలకి తెలిసిపోతుంది కదా ఎవరు వింటారో!

బ్రియానాకి తొమ్మిదేళ్ళు. తండ్రి అఫ్గానిస్తాన్‌లో ఉన్నాడు. రోజూ రొట్టె సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటుంది. మార్లా ఆ సంగతి నెలరోజులుగా చూస్తూనే ఉంది. ఆరోజు నడవలో బల్ల మీద పక్కన కూచోబెట్టుకుని, "ఆకలేస్తే దాచుకుంటున్నావా తల్లీ?" అని అడిగింది.

"కాదు. సగం నాన్నకి." బ్రియానా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను మొత్తం తినేస్తే ఆయనకేమన్నా అవుతుంది."

ఆ మాటకి జవాబు నడవలో చెప్పేది కాదు. అటూ ఇటూ పిల్లలు పోతున్నారు, ఒకడు ఆగి వింటున్నాడు కూడా. మార్లా ఆ పిల్లని ఖాళీగా ఉన్న కౌన్సెలర్ గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరకి వేసింది. రెండు నిమిషాలైనా కాలేదు, ప్రిన్సిపాల్ డాన్లీ గారు తలుపు తోసుకొచ్చింది. పిల్లని పంపేసి, పాపం ఇబ్బందిగానే చెప్పింది.

"మార్లా, నువ్వు తలుపు వేయకూడదు. లైసెన్సు లేనివాళ్ళు పిల్లలతో ఒంటరిగా గదిలో ఉంటే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. నీకు తెలుసు కదమ్మా."

"తెలుసండీ."

"కూచో. ఖాళీగా ఉన్న ఈ కౌన్సెలర్ ఉద్యోగం నీకే ఇవ్వాలని ఉంది నాకు. ఆగస్టు మొదటి సోమవారం స్కూలు బోర్డు సమావేశం. అప్పటికి నీ లైసెన్సు నా బల్ల మీదుంటే సరే. లేకపోతే వాళ్ళు జాబితాలోంచి ఎవర్నో పంపుతారు, నేను కాదనలేను."

"ఉంటుంది" అంది మార్లా. అన్నీ అయిపోయాయి మరి. పరీక్ష నెగ్గింది, బట్టలారబెట్టే యంత్రం మీద పుస్తకం పెట్టుకుని చదివి. విశ్వవిద్యాలయం నుంచి మార్కుల పత్రాలు సీలువేసిన కవరులో వెళ్ళాయి. మిజోరీలో తన పాత ప్రిన్సిపాల్ ఎనభై ఏళ్ళ ముసలాయన, ఆయన్ని వృద్ధాశ్రమంలో వెతికి పట్టుకుని సంతకం తెచ్చింది. వేలిముద్రలొక్కటే మిగిలాయి, అవీ అయ్యాయి.

వెళ్ళబోతుంటే నడవలో బ్రియానా ఆమె కోసం కాచుకుని ఉంది. సైనికుల పిల్లలు కొత్తవాళ్ళని ఎక్కడినుంచి వచ్చారని అడగరు. "మిసెస్ హెచ్, మీరెప్పుడు వెళ్ళిపోతారు?" అంది. మార్లా ఆ పిల్ల జుట్టు సవరించి తరగతికి పంపింది.

జూన్ రెండోవారంలో రాష్ట్ర కార్యాలయం నుంచి ఉత్తరమొచ్చింది. లైసెన్సే అనుకుని వాకిట్లోనే చింపింది. 'మీ వివరాలు సరిపోలడం లేదు. ఫోను చేయగలరు' అని ఒకే ఒక్క పంక్తి. చేసింది. అవతల ఒక పెద్దావిడ, నింపాదైన గొంతు.

"మీ పేరూ మీరు రాసిన నంబరూ ఒకరివి కావట్లేదమ్మా. ఒకసారి నంబరు చదవండి, రాయడంలో ఏమన్నా పొరపాటు జరిగిందేమో."

మార్లా ఊపిరి తీసుకుని తొమ్మిదంకెలూ గడగడా చెప్పింది. ఆఖరున నాలుగు నాలుగు ఏడు ఒకటి అని తన గొంతే తనకి వినిపించింది.

"అయ్యయ్యో. అది... అది మా ఆయనదండీ."

అవతలావిడ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "సైన్యం వాళ్ళా? ఈ నెలలో మీరు మూడోవారు. పరవాలేదులే, ఇలాంటివి చూస్తూనే ఉంటాం. సరైన నంబరుతో ఫారం శుక్రవారంలోగా పంపండి, జూలై ఆఖరుకి అయిపోతుంది. శుక్రవారం దాటితే మాత్రం వరసలో చివరికి పోతారు. ఇంతకీ మీ నంబరు చెప్పండి, ఈ కాగితం మీద గుర్తుగా రాసిపెడతా."

మార్లా నోరు తెరిచింది. మొదటి మూడంకెలూ వచ్చినట్టే వచ్చాయి. తర్వాత రసెల్ అంకెలే వచ్చాయి. ఇంకోసారి మొదలుపెట్టింది. మళ్ళీ అవే. వంటగదిలో గోడ గడియారం టకటకమంటోంది, అవతలావిడ ఓపిగ్గా ఆగింది.

"మళ్ళీ చేస్తానండీ" అని పెట్టేసింది మార్లా.

కుర్చీలో కూలబడింది. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, రెండూ ఒకదానిమీదొకటి వచ్చాయి. రసెల్ బూటు కొలత తెలుసు, అతని రక్తం రకం తెలుసు, అతని తల్లికి ఏ మందు పడదో తెలుసు. టెస్సా టీకాల తేదీలు వరసగా చెప్పగలదు. నాలుగిళ్ళ చిరునామాలు, నాలుగు స్కూళ్ళ ఫోన్లు, కుక్కకి వేసిన సూదులు, అన్నీ ఈ తలలోనే ఉన్నాయి. తన నంబరు మాత్రం లేదు. ఎవరడిగారు గనక ఉండటానికి? పన్నుల కాగితాల్లో రెండో గడిలో ఉంటుంది, ఆ కాగితాలు నింపేది రసెల్. ఆమె కార్డు కూడా అతని ఇనపపెట్టెలో ఉంది. "ముఖ్యమైనవన్నీ ఒకేచోట ఉండాలి" అని కొత్తగా పెళ్ళైనప్పుడే తీసుకుని పెట్టాడు. ఆ పెట్టె తాళం రసెల్ గొలుసుకుంది. రసెల్ రెండువారాల శిక్షణకి అడవుల్లోకి వెళ్ళాడు, సోమవారం గానీ రాడు.

దళం కార్యాలయానికి ఫోను చేసింది. డ్యూటీలో ఉన్న సైనికుడు ఎత్తాడు.

"సార్జెంట్ హాస్కెల్‌తో మాట్లాడాలి. ఆయన భార్యని."

"ఎవరన్నా పోయారా మేడమ్?"

"లేదు."

"ఎవరికైనా సీరియస్‌గా ఉందా?"

మార్లా ఒక్క క్షణం ఆలోచించింది. "లేదు" అంది.

"అయితే సోమవారం దాకా ఆగాలి మేడమ్."

అప్పుడు గుర్తొచ్చింది గరాజ్‌లోని పెట్టె. ప్రతి సైన్యం ఇంట్లోనూ ఉంటాయి అలాంటివి, ఒక బదిలీలో కట్టి, తర్వాత ఎన్ని బదిలీలైనా విప్పనివి. సర్దేవాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఒక రంగు చీటీ అంటిస్తారు. ఆ పెట్టె మీద నాలుగు రంగులున్నాయి. "అందులో ఏముందో నీకే తెలీదు, పారేయరాదూ?" అని రసెల్ ప్రతిసారీ అంటాడు. ఆమె పారేయలేదు, విప్పనూ లేదు. ఇప్పుడు వంటగది కత్తితో కోసింది. లోపల మిజోరీ నాటి పుస్తకాలు, పిల్లలు గీసిచ్చిన బొమ్మలు, తలుపుకి తగిలించుకున్న చెక్కపలక. దాని మీద 'మిస్ ప్రూయిట్' అని ఉంది, పెళ్ళికి ముందు పేరు. అట్టడుగున, ఒక పుస్తకం మధ్యలో, విశ్వవిద్యాలయం లైబ్రరీ కార్డు. ఆ రోజుల్లో విద్యార్థి నంబరని వేరే ఉండేది కాదు, సోషల్ సెక్యూరిటీ నంబరే వేసేవాళ్ళు. ఇరవైరెండేళ్ళ పిల్ల, పొట్టి జుట్టు, కెమెరా వైపు దబాయించి చూస్తోంది. ఆ పిల్ల గడ్డం కింద తొమ్మిదంకెలు.

మార్లా గరాజ్ నేల మీద కూచుని వాటిని పైకి చదివింది. మళ్ళీ చదివింది. ఫారం ఆ మధ్యాహ్నమే పంపింది. తర్వాత మూడ్రోజులూ గిన్నెలు కడుగుతూ, కారు నడుపుతూ, బట్టలు మడతపెడుతూ ఒకటో తరగతి పిల్ల ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేసింది. "ఏంటమ్మా గొణుక్కుంటున్నావ్?" అంది టెస్సా. "నా నంబరు" అంది మార్లా. "నాది నాకు తెలుసు" అంది టెస్సా. ఆ మాటకి మార్లాకి ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం అత్తగారు ఫోను చేసింది. వెర్నాకి డెబ్బై నాలుగేళ్ళు, చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు, నోరు అసలే ఉండదు.

"ఏమ్మాయ్, టెస్సా తల చుట్టుకొలత ఎంత? ఉన్ని టోపీలు మొదలుపెట్టా. వాడిది అయిపోయింది, నీది సగమయింది."

"జూన్‌లో ఉన్ని టోపీలేమిటండీ?"

"అలాస్కాలో జూన్ అయితేనేం, జూలై అయితేనేం? ఇప్పట్నుంచీ అల్లుకోకపోతే మీరు వెళ్ళేనాటికి అవుతాయా?" అని, మార్లా "అలాస్కానా?" అనేసరికి, "వాడు నీకు చెప్పలేదా ఏంటి? వచ్చి చెప్దామనుకున్నాడేమో. నేనేమీ అనలేదు సుమా! వాడికి ప్రమోషనమ్మా, సంతోషించు" అంది వెర్నా.

"టెస్సా తల ఇరవై రెండంగుళాలు" అంది మార్లా. ఆ కొలత కూడా తన తలలోనే ఉంది మరి.

సోమవారం రసెల్ బురద బట్టల సంచీ తెచ్చి ఉతికే యంత్రం ముందు పడేశాడు. స్నానం చేసొచ్చి కూచున్నాక మార్లా పళ్ళెం పెట్టింది. అతను రెండు ముద్దలు తినేదాకా ఆగింది. ఆగడం అలవాటు.

"అలాస్కాకి వాళ్ళు పంపారా, నువ్వడిగావా?"

రసెల్ తల ఎత్తలేదు. "అమ్మ చెప్పేసిందా? మార్చిలో పెట్టా దరఖాస్తు. వస్తుందో రాదో తెలీకుండా నీకు చెప్పి కంగారు పెట్టడమెందుకని ఊరుకున్నా. ఆగస్టు పదికల్లా అక్కడుండాలి."

"మార్చిలోనే నేనూ దరఖాస్తు పెట్టా రసెల్. నీకు తెలుసు. ఈ బల్ల మీదే పెట్టా."

"తెలుసు. నేనేమన్నా వద్దన్నానా?" నిజంగానే అతనికి అర్థం కాలేదు, అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. "అలాస్కాలో స్కూళ్ళుండవా? అక్కడ పిల్లలేడవరా? అక్కడా పెట్టుకో, ఎవరొద్దన్నారు? నిన్నెప్పుడైనా ఉద్యోగం మానెయ్యమన్నానా చెప్పు?"

అనలేదు. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. కొట్టలేదు, తిట్టలేదు, తాగొచ్చి గోల చేయలేదు. తోటి ఆడవాళ్ళు "నీకేం మార్లా, రసెల్ బంగారం" అంటారు. పోట్లాడదామంటే పట్టుకోవడానికి పిడి దొరకని మనిషి. ప్రతిసారీ లైసెన్సు ఇంకో అడుగు దూరంలో ఉందనగా ఇల్లు లేచిపోయేది, ఆ లేవడం ఎవరి తప్పూ కాదు, సైన్యం ఉత్తర్వు. ఈసారి మాత్రం ఆ ఉత్తర్వు కింద చెయ్యెవరిదో తెలిసింది. ఆమె లేచి, అతని పళ్ళెం తీసి, కడిగింది. నీళ్ళ కింద తన వేళ్ళ చివర్లు చూసుకుంది. నున్నగా ఉన్నాయి.

జూలైలో స్కూలు భోజనశాలలో వేసవి భోజనాలు నడుస్తాయి. బ్రియానా రోజూ వస్తోంది, రోజూ సగం రొట్టె చుట్టుకుంటోంది. మార్లా నడవ బల్ల మీద ఆమె పక్కన కూచుంటోంది, తలుపు లేని చోట చెప్పగలిగినంత చెబుతోంది. ఆ నెలంతా ఆమె ఇంట్లో అన్నీ మామూలుగానే చేసింది. రసెల్ చలికోట్లు కొన్నాడు, పటాలు పరిచి దారులు గీశాడు. ఆమె మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు లేచి వంటగదిలో కూచుని లెక్కలు వేసుకునేది. వెళ్తే ఏమవుతుందో తెలుసు: అలాస్కాలో ఐదో ఫారం, నున్నటి వేళ్ళు, మూడేళ్ళకి ఇంకో రంగు చీటీ. వెళ్ళకపోతే ఏమవుతుందో తెలీదు. తెలీనిదానికే భయమెక్కువ అని ఎవరన్నారో గానీ, ఆమెకి తెలిసినదాన్ని తలచుకుంటేనే ఎక్కువ భయమేసేది.

జూలై ఇరవైరెండున లైసెన్సొచ్చింది. మామూలు కాగితం, మధ్యలో పేరు, కింద రాష్ట్ర ముద్ర. మార్లా జీన్ హాస్కెల్. డాన్లీ గారి బల్ల మీద పెట్టింది.

"మీవారికి అలాస్కా అని విన్నానే" అంది డాన్లీ గారు, కాగితాన్ని ముట్టుకోకుండా. "బోర్డుకి నీ పేరు పంపాక నువ్వు రాకపోతే నా పరువు పోతుంది మార్లా. ఆలోచించుకున్నావా?"

"పంపండి" అంది మార్లా.

అటునుంచటే ఇంటి యజమాని హోబార్ట్ దగ్గరకెళ్ళింది. అద్దె ఒప్పందం రసెల్ పేరున ఉంది, బదిలీ రాగానే తెగిపోతుంది. దాన్ని తన పేరున రాయమంది. ముసలాయన కళ్ళద్దాలు సవరించుకుని, "మీ ఆయన ఒప్పుకున్నాడా అమ్మా?" అన్నాడు.

"ఇల్లు కావలసింది నాకండీ" అంది మార్లా. ఆయన ఇంకో రెండుసార్లు అదే అడిగాడు, ఆమె ఇంకో రెండుసార్లు అదే చెప్పింది.

శనివారం రసెల్ వాకిట్లో చేపల గాలాలకి నూనె రాస్తూంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది. "రసెల్, నేను రావట్లేదు. ఉద్యోగానికి ఒప్పుకున్నా. ఇల్లు నా పేరున రాయించుకున్నా."

రసెల్ గాలం తీగ బిగించి వేలితో మీటి చూశాడు. "అలాగే. ప్రతి బదిలీకీ ఈ మాట అంటూనే ఉంటావ్. రెండ్రోజులుంటే కోపం తగ్గుతుంది. మంగళవారం సర్దేవాళ్ళొస్తారు, నాకు కార్యాలయంలో లెక్కలప్పజెప్పే పనుంది, ఉండను. నీ కాగితం అంటించడం మర్చిపోకు."

నిజమే. నాలుగుసార్లూ అంది రానని. నాలుగుసార్లూ కాగితం తనే అంటించింది. సర్దేవాళ్ళొస్తే కంటికి కనిపించిందల్లా పెట్టెలో పెట్టేస్తారు. ఒకసారి చెత్తబుట్టని చెత్తతో సహా కట్టేశారు, వాషింగ్టన్‌లో తిన్న అరటిపండు తొక్క నార్త్ కరొలైనాలో బయటపడింది. అందుకని సైన్యం ఇల్లాళ్ళు ఒక గది తలుపుకి 'ఇందులోవి సర్దవద్దు' అని కాగితం అంటిస్తారు. దారిలో కావలసిన మందులు, గుర్తింపు కాగితాలు, మొగుడి యూనిఫారాలు ఆ గదిలో పెడతారు. ఆ గదిలో ఏముండాలో మార్లాకి కళ్ళు మూసుకుని తెలుసు.

మంగళవారం ఎనిమిదింటికి లారీ వచ్చి ఆగింది. మార్లా అప్పటికే లేచి రెండు గంటలైంది. మొదట స్నానాలగది తలుపుకి కాగితం అంటించింది. తర్వాత పడకగదికి. తర్వాత వంటగదికి తలుపు లేదు కాబట్టి గోడకి. టెస్సా గది దగ్గరకొచ్చి ఆగింది, ఇది తను అంటించేది కాదు కదా అనుకుంది. చూస్తే తలుపు మీద అప్పటికే ఉంది, టెస్సా చేతిరాతతో, నాలుగు మూలలా టేపు వేసి. లోపల పిల్ల నిద్రపోతోంది. మార్లా ఆ కాగితాన్ని అరచేత్తో ఒకసారి అదిమి, గుమ్మంలోకి వెళ్ళింది.

సర్దేవాళ్ళ మేస్త్రీ అట్ట మీద కాగితాలు తిప్పుతూ మెట్లెక్కాడు. చెమట తుడుచుకుని, "నమస్తే మేడమ్. ఎటూ? అలాస్కాకే కదా?" అన్నాడు. "పని మొదలెట్టేముందు స్పాన్సర్ చివరి నాలుగంకెలు చెప్పండి."

మార్లా చెప్పింది. తడుముకోలేదు.

"సున్నా ఆరు రెండు తొమ్మిది."

అతను కాగితం చూశాడు. వేలితో గీసి మళ్ళీ చూశాడు. "కలవట్లేదు మేడమ్. నా దగ్గర నాలుగు నాలుగు ఏడు ఒకటి అని ఉంది."

"కలవవు. ఇవి నావి" అంది మార్లా. తలుపు పక్కకి జరిగి చేత్తో చూపించింది. "ఆయనవన్నీ గరాజ్‌లో పెట్టా. అవి సర్దుకోండి."